పెట్లుప్పు – తూటా

'తుపాకి' తురుష్కుల మాటే గాని, దానికి పెట్టే మేత మన భాషలో 'మందు'. రోగికీ మందే, తుపాకికీ మందే! అందులో ముప్పాతిక పాలు పెట్లుప్పు. తక్కినది బొగ్గు, గంధకం. దీపావళికి మా తాటిపాక ప్రాంతంలో చిచ్చుబుడ్లు కూరినవారికి ఈ మూడూ చిరపరిచితాలే.

పాత తుపాకి గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. 1836లో అమెరికాలో కోల్టు పేటెంటు పొందిన రివాల్వరుకూ ఆదిలో ఇదే తంతు, గదికి గదికీ విడివిడిగా. ఆలస్యమే, అయినా మందును ఇంట నూరుకోవచ్చు. రంజకం, మందు, గుండు ఒక్క ఇత్తడి గొట్టంలో బిగించిన తూటా వచ్చాక ఆ స్వాతంత్ర్యం పోయింది.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు చేజిక్కించుకుంది. తుపాకికి సుమారు నూరు! అవి కాల్చినకొద్దీ తరిగేవే గాని, మన్యంలో తిరిగి చేసుకోదగినవి కావు. మన రచయితలు విల్లంబులను వర్ణించినంతగా ఈ లెక్కను పట్టించుకోరెందుకో! ప్రభుత్వం మాత్రం పట్టించుకొంది. అక్టోబరు 15న దళం అడ్డతీగల ఠాణా చేరేసరికి అక్కడ ఆయుధాలు లేవు.