పెట్రోల్ బంకు మీద వాలిన బాంబర్

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దాటి దక్షిణంగా వెళ్తే మిల్వాకీ అనే ఊరు. అక్కడ 99ఈ హైవే పక్కన 2014 దాకా ఒక బి-17 యుద్ధవిమానం పెట్రోల్ బంకుకు పైకప్పుగా నిలబడి ఉండేది. నాలుగు ఇంజన్లు, ఈ కొస నుంచి ఆ కొసకు 31 మీటర్లకు పైబడిన రెక్కలు. వాటి నీడలోనే కార్లు ఆగి పెట్రోలు పోయించుకునేవి. ఆ చుట్టుపక్కలవాళ్లకు అదే కొండగుర్తు.

రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికా 12,731 బి-17లు తయారుచేసింది. యుద్ధం ముగిశాక మిగిలినవాటిలో చాలా వాటిని కరిగించి అల్యూమినియం తీశారు, కొన్నింటిని అడిగినవాళ్లకు అమ్మేశారు. బంకు యజమాని ఆర్ట్ లేసీకి సరిగ్గా అప్పుడే ఒక ఆలోచన తట్టింది. తన పుట్టినరోజు విందులో, బంకు మీద బాంబర్‌ని నిలబెడతానని ఒక స్నేహితుడితో పందెం కాశాడు. 1947లో ఓక్లహోమాలోని ఆల్టస్‌కు వెళ్లి, సుమారు 13 వేల డాలర్లు పెట్టి ఒకటి కొన్నాడు.

ఆ తర్వాతి కథ ఆ కుటుంబమూ ఊరూ దశాబ్దాలపాటు చెప్పుకున్నది. లేసీ అంతవరకు నాలుగు ఇంజన్ల విమానం నడపనే లేదట. పక్క సీట్లో కోపైలట్‌గా ఒక బొమ్మను కూర్చోబెట్టుకుని లేచాడట. దిగేటప్పుడు చక్రాలు సరిగా దిగక, విమానం నేలను రాసుకుంటూ పోయి పక్కనున్న ఇంకో బి-17ను గుద్దిందట. అమ్మిన అధికారి జాలిపడి, 'గాలికి దెబ్బతింది' అని కాగితం రాసి, మరో విమానం ఇచ్చాడట. ఈసారి స్నేహితులను తోడు తెచ్చుకుని, మంచు తుపానులో దారి వెతుక్కుంటూ ఒరెగాన్ చేరాడు. అక్కడి నుంచి విమానాన్ని విడదీసి, అనుమతి లేకపోయినా రాత్రికి రాత్రి ట్రక్కుల మీద బంకుకు తరలించాడు. అందుకు పడిన జరిమానా పది డాలర్లేనని అంటారు.

ఈ విమానం యుద్ధంలో ఒక్క బాంబు కూడా వేయలేదు. 25 దాడులు పూర్తిచేసి పేరు మోసిన మెంఫిస్ బెల్ కూడా బి-17యే. దాని చరిత్రను సైన్యం రికార్డుల్లో వెతకవచ్చు. లేసీ విమానానికి చెప్పుకోదగ్గ చరిత్రంతా రోడ్డు పక్కన పుట్టిందే. మన విశాఖ బీచ్‌రోడ్డులోని టీయూ-142 విమానం సంగతి వేరు. అది నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక 2017లో మ్యూజియంగా మారింది.

బంకు మీదికి ఎక్కించకపోయి ఉంటే లేసీ విమానం కూడా ఏ కొలిమిలోనో కరిగిపోయేదేమో. ఎక్కించినందుకు ఒరెగాన్ వానకు ఏళ్ల తరబడి నానింది, లోపల పక్షులు గూళ్లు కట్టాయి. 1991లో పెట్రోలు అమ్మకం ఆగింది, పక్కనున్న హోటల్ మాత్రం నడిచింది. బాగుచేయాలని 1996లో ముక్కు భాగాన్ని విప్పి దించారు. 2000లో లేసీ చనిపోయాడు. చివరికి 2014 ఆగస్టులో విమానం మొత్తాన్నీ దించి, మరమ్మతుకు సేలం తీసుకెళ్లారు. దాన్ని మళ్లీ ఎగిరేలా చేయాలన్నది కుటుంబం కోరిక. అందుకు ఏళ్లూ డబ్బూ బోలెడు కావాలి. అయినా, యుద్ధంలో ఏ పేరూ సంపాదించని విమానం కోసం ఇంత పాటుపడే జనం ఉన్నారంటే, అది ఆ పందెం పుణ్యమే.