మంచినీటి కడలిలో రాజసాల్మను

ఆగస్టు మాసమున, తెల్లవారుటకు ఇంకను గంట రెండుగంటలున్నదనగా, అమెరికాలోని మిషిగన్ సరస్సు తూర్పుతీరమున లడింగ్టన్, మనిస్టీ, ఫ్రాంక్‌ఫర్ట్ మొదలగు చిన్న రేవులనుండి మోటారు పడవలు దీపములు వెలిగించుకొని బయలుదేరును. అవి వల వేయు పడవలు కావు. పడవ వెనుక గాలపు కర్రలు బారుగా నిలిపియుండును. పడవను గంటకు రెండు మూడు మైళ్లకు మించకుండ నడుపుచు, గాలములను వెనుక ఈడ్చుకొనిపోదురు. దీనికి ట్రోలింగు అని పేరు. మన విశాఖపట్నపు రేవున వినవచ్చు ట్రాలింగు వేరు. అది వలను ఈడ్చుట, ఇది గాలమును ఈడ్చుట. పేర్ల పోలికను చూచి పొరపడరాదు.

వారు కోరి వెదకు చేప చినూక్ సాల్మను. కొలంబియా నదీముఖమున నివసించిన చినూక్ జనుల పేరిట దానికా పేరు కలిగినది. పసిఫిక్ సాల్మను జాతులలో ఇదియే పెద్దది గనుక జాలరులు రాజసాల్మను అని గౌరవించిరి. ఏటి నీటిలో పుట్టి, సముద్రమున పెరిగి, పుట్టిన యేటికే తిరిగివచ్చి, గ్రుడ్లు పెట్టి మరణించుట దాని జీవితము. అట్టి కడలి చేప, ఉప్పన్నది యెరుగని సరస్సులోనికి, వేయి మైళ్లకు పైబడిన దూరమునుండి, ఎట్లు వచ్చినది? ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ కథయే.

కొల్లేటిని చూచి పెద్ద సరస్సనుకొను మనకు మిషిగన్ సరస్సు ఊహకందుట కష్టము. పొడవు 300 మైళ్లు. మిక్కిలి లోతైన చోట 900 అడుగులకు పైన. వైశాల్యము సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అనగా నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున మూడవవంతునకు మించినది. ఒడ్డున నిలిచినవానికి ఆవలి దరి కనబడదు. తుపాను వేళ అలలు సముద్రమునకు తీసిపోవు.

ఈ నీటికి పూర్వము రాజు సరస్సు ట్రౌటు. అనిషినాబె జనులు తరతరములుగా దానిని పట్టి జీవించిరి. తెల్లవారు వచ్చిన పిదప వలలతో వ్యాపారము పెరిగినది. అయినను ట్రౌటు నశించుటకు ప్రధాన కారణము వేరొకటి. నయాగరా జలపాతము పైసరస్సులకు కోటగోడవలె నిలిచి, సముద్రపు జీవులను రానీయకుండెను. ఓడల రాకపోకలకొరకు ఆ జలపాతమును చుట్టి వెల్లండ్ కాలువను త్రవ్వి 1829లో తెరచిరి; తరువాత పలుమార్లు పెద్దది చేసిరి. ఓడలు పోయిన త్రోవనే లాంప్రే అను జీవియు పోయినది. చూచుటకు పాము వంటిది. దవడలు లేవు, గుండ్రని నోటినిండ పండ్లు. చేప ప్రక్కను జలగవలె పట్టుకొని చర్మమును గీకి రక్తము త్రాగును. 1921లో ఈరీ సరస్సున, 1936లో మిషిగన్ సరస్సున అది కనబడినది. 1950ల నడిమికి మిషిగన్ సరస్సున ట్రౌటు దాదాపు లేకుండ పోయినది. వలలనే నమ్ముకొన్న కుటుంబములెన్నియో వృత్తి మానుకొనిరి.

పెద్ద చేప పోగా చిన్నదానికి అడ్డు లేకపోయినది. ఆలువైఫ్ అను వెండివన్నె చేప 1949లో ఈ సరస్సును చేరినది. శ్రోతలకు వింతగా తోచునేమో, ఇది మన గోదావరి పులసకు జ్ఞాతియే. రెండును ఒకే మూలవంశములోనివి, రెండును సముద్రమునుండి మంచినీటికి ఎదురీదునవి. అయితే పులసకు ఉన్న రుచియు మర్యాదయు దీనికి లేవు. తిను శత్రువు లేనందున అది పెరిగి పెరిగి 1960ల మధ్యకు సరస్సులోని చేపల మొత్తపు బరువులో పదింట తొమ్మిది పాళ్లు తానేయైనది. 1967 వేసవిలో కోట్లకొలది ఆలువైఫులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొని వచ్చెను. షికాగో నగరపు తీరమున వాటిని యంత్రములతో ఎత్తిపోయవలసివచ్చెను. ఆ దుర్గంధమునకు జనులు స్నానమునకు పోవుట మానిరి.

ఈలోపల లాంప్రేకు మందు దొరికినది. అమెరికా, కెనడా దేశముల ఒడంబడికతో 1955లో ఏర్పడిన మత్స్యసంఘము ఆ పనిని తన భుజములపై వేసికొన్నది. హేమండ్ బే పరిశోధనాలయమున వెర్నన్ యాపిల్‌గేట్ మొదలగువారు ఓపికతో సుమారు 6,000 రసాయనములను ఒక్కొక్కటిగా పరీక్షించి, లాంప్రే పిల్లలను చంపి ఇతర చేపలను చాలవరకు విడిచిపెట్టు ఒక ద్రవ్యమును కనుగొనిరి. 1958నుండి దానిని ఏళ్లలో కలుపసాగిరి. ఈ కథలో పేరు రావలసినంతగా రానివారు వీరేయని మా అభిప్రాయము. వీరి పని లేనిదే తరువాతిది జరిగెడిది కాదు.

1964లో హోవర్డ్ టానర్ అను శాస్త్రజ్ఞుడు మిషిగన్ రాష్ట్రపు మత్స్యశాఖకు అధిపతి యయ్యెను. ఆలువైఫులను వలలతో పట్టి ఎరువునకు, పశువుల మేతకు అమ్మవలెననువారు కొందరుండిరి. టానర్ దృష్టి వేరు. ఇన్ని కోట్ల చేపలను మేపుగా మార్చి, వినోదముకొరకు గాలము వేయువారికి పెద్ద చేపను ఏల యీయరాదు? ఒరెగాన్ రాష్ట్రమున కోహో సాల్మను గ్రుడ్లు మిగులుగా ఉన్నవని విని పది లక్షలు తెప్పించెను. పిల్లలను పెంచి 1966 వసంతమున ప్లాట్ మున్నగు ఏళ్లలో విడిచిరి. మరుసటి యేడు, టానర్ తరువాత వచ్చిన వేన్ టోడీ కాలమున, రాజసాల్మను పిల్లలను వాషింగ్టన్ రాష్ట్రపు వంశమునుండి తెచ్చి విడిచిరి. కోహోను ఏడాదికి పైగా తొట్లలో మేపవలెను. రాజసాల్మను పిల్ల కొద్ది నెలలకే సరస్సుకు సిద్ధము. ఖర్చు తక్కువ, చేప పెద్దది.

1967 శరత్కాలమున కోహోలు పెరిగి తీరమునకు చేరెను. వార్త కార్చిచ్చువలె వ్యాపించినది. గాలము పట్టనేర్చినవాడెల్ల, చెరువులలో త్రిప్పు చిన్నపడవను కారునకు తగిలించుకొని ప్లాట్ అఖాతమునకు పరుగెత్తెను. సెప్టెంబరు 23వ తేదీన ఆకస్మికముగా గాలి లేచినది. పడవలు తలక్రిందులయ్యెను. ఏడుగురు మరణించిరి. చేప చేతికి వచ్చిన సంవత్సరమే సరస్సు తన వెల పుచ్చుకొన్నది.

రాజసాల్మనును పట్టుట లోతుల విద్య. వేసవిలో సరస్సు పైనీరు వేడెక్కి తేలికయై పైననే నిలుచును. క్రింద చలినీరు బరువుగా పడియుండును. ఈ చేపకు నచ్చునది ఇంచుమించు 10 నుండి 13 డిగ్రీల నీరు. ఆ పొర నేడు 40 అడుగులలో నుండవచ్చును, రేపు 100 అడుగులకు దిగవచ్చును. గాలి తీరపు పైనీటిని లోపలికి నెట్టినచో అడుగునున్న చలినీరు పైకి తేలివచ్చి చేపలు ఒడ్డుచేరువకే వచ్చును. తేలికైన రేకు ఎరను అంత లోతున నిలుపుటెట్లు? పూర్వము ట్రౌటుకొరకు బరువైన రాగితీగను ఈడ్చెడివారు. సాల్మను వచ్చిన తరువాత డౌన్‌రిగ్గరు అను సాధనము వాడుకలోనికి వచ్చినది. పది పౌండ్ల గుండును ఉక్కుతీగపై దింపుదురు; గాలపు దారమును ఒక చిన్న పట్టుకొయ్యతో ఆ తీగకు తగిలింతురు. చేప ఎరను అందుకొనగనే దారము పట్టు వీడును. వంగియున్న కర్ర ఒక్కసారి పైకి లేచును. అక్కడినుండి బరువు అడ్డము లేదు. మనిషికిని చేపకును నడుమ దారమే. రాజసాల్మను దారమును వందలకొలది అడుగులు లాగుకొని పోవును. ఎరలు చెంచా ఆకారపు రేకులు. చీకటిలో వెలుగు పూత పూసినవి తెల్లవారుజామున పనికివచ్చును.

ఈ వేట వలన తీరపు పట్టణములు బ్రదికినవి. కాని వినోదపు చేపకై రాష్ట్రము వలలను అదుపుచేయగా, 1836 నాటి ఒడంబడికలో తమ చేపల హక్కును నిలుపుకొన్న అనిషినాబె జనులకును గాలపువారికిని వైరము పెరిగినది. 1979లో సమాఖ్య న్యాయస్థానము ఆ హక్కు చెల్లునని తీర్పు చెప్పినది. రేవులలో ఘర్షణలు జరిగినవి. ఆ సరస్సు ఎవరిదను ప్రశ్నకు మూలవాసుల చెంత ఒక పాతపత్రముండెనని చాలమంది అప్పుడే తెలిసికొనిరి.

చేపకును కష్టములు తప్పలేదు. 1980ల చివర మూత్రపిండముల రోగము సోకి మిషిగన్ సరస్సున రాజసాల్మనులు గుంపులుగా చచ్చినవి. ఓడల అడుగునీటితో వచ్చి 1988లో కనుగొనబడిన జీబ్రా ఆలిచిప్పలు, వాటి వెంట క్వాగా చిప్పలు, ఆలువైఫునకు ఆధారమైన సూక్ష్మజీవులను వడగట్టి మ్రింగసాగెను. ప్రక్కనున్న హ్యూరన్ సరస్సున 2003, 2004 ప్రాంతమున ఆలువైఫు కుప్పకూలెను. దానితో రాజసాల్మనుల వేటయు కూలెను. దుకాణములు, అద్దె పడవలు మూతపడినవి. అది చూచి మిషిగన్ సరస్సున పిల్లలను విడుచుట 2013లో బాగుగా తగ్గించిరి. మొదట ఎవరిని తుడిచివేయుటకు సాల్మను వచ్చినదో, ఆ ఆలువైఫునే కాపాడవలసిన స్థితి! పైగా నేడు సరస్సులోని రాజసాల్మనులలో సగమునకు మించి ఏళ్లలో తామై పుట్టినవే. వాటి సంఖ్య అధికారుల చేతిలో లేదు.

ట్రౌటును తిరిగి నెలకొల్పు ప్రయత్నము ఒకవైపు సాగుచునే యున్నది. గాలపువారు మాత్రము పెద్దచేపపై ఆశ వదలలేదు. 2021 ఆగస్టులో లడింగ్టన్ రేవునకు వెలుపల ఒక యువకుని గాలమునకు 47.86 పౌండ్ల రాజసాల్మను పడినది. మిషిగన్ రాష్ట్రమున 1978నుండి నిలిచియున్న రికార్డు ఆ ఉదయముతో చెరగిపోయినది.