ఏ.డి.హెచ్.డి. ఉత్తేజక ఔషధాలు: లాభనష్టాల అంచనా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అవధానలోపం, అతిచాంచల్యం (ఏ.డి.హెచ్.డి.) గల పిల్లలకు వాడే ఉత్తేజక ఔషధాల మేలు కొద్ది రోజులలోనే కనిపిస్తుంది, కీడును తేల్చడానికి ఏళ్లు పడుతుంది. ఈ కాలవ్యత్యాసమే వాటి లాభనష్టాల చర్చను నడిపించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఏ.డి.హెచ్.డి., బెంజెడ్రిన్, మిథైల్‌ఫెనిడేట్, దుష్ప్రభావాలు, వైద్యచరిత్ర.

1. తొలి ప్రయోగం:
1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, బ్రాడ్లీ హోమ్ అనే పిల్లల ఆసుపత్రిలో, చార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకు వారం పాటు బెంజెడ్రిన్ ఇచ్చారు. సుమారు సగం మందిలో చదువు పట్ల శ్రద్ధ ప్రస్ఫుటంగా పెరిగింది. పిల్లలు వాటిని ‘లెక్కల మాత్రలు’ అన్నారు. మందు ఆపగానే ఆ మార్పూ పోయింది. ఏ.డి.హెచ్.డి. అనే పేరు అప్పటికింకా లేదు. అది 1987లో స్థిరపడింది. వారం రోజుల పరిశీలన మేలును చూపగలిగింది గాని, ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చెప్పలేకపోయింది.

2. వ్యాప్తి, అనుమానం:
1944లో సీబా సంస్థకు చెందిన లియాండ్రో పానిజాన్ మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశారు. అది రిటాలిన్ పేరుతో ప్రసిద్ధమైంది. 1970లో ఒమాహా నగరంలో 5 నుండి 10 శాతం బడిపిల్లలు ఇటువంటి మందులు వాడుతున్నారన్న పత్రికావార్త వెలువడింది. ఆ లెక్క వివాదాస్పదమైనా అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది. 1971లో అక్కడి ప్రభుత్వం ఈ మందులపై కఠినమైన నియంత్రణ విధించింది. భారతదేశంలోనూ మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తుంది. దుర్వినియోగ భయం, చికిత్సావసరం అప్పటినుండి ఒకే చర్చలో కలగలిసిపోయాయి.

3. దీర్ఘకాలిక సాక్ష్యం:
579 మంది పిల్లలపై 14 నెలలు సాగిన అధ్యయనం ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ప్రధాన లక్షణాలను తగ్గించడంలో, జాగ్రత్తగా పర్యవేక్షిస్తూ ఇచ్చిన మందు ప్రవర్తనా చికిత్స కంటే మెరుగని అవి తెలిపాయి. అయితే మూడేళ్లకు చేసిన పరిశీలనలో ఆ ఆధిక్యం కనిపించలేదు. 14 నెలల తరువాత చికిత్సను కుటుంబాలే ఎంచుకొన్నందున, మందు పనిచేయదని దీనినిబట్టి తీర్మానించలేము. నిలకడగా మందు వాడినవారిలో మాత్రం ఎత్తు కొంత తగ్గినట్లు తదుపరి పరిశీలనలు చూపాయి.

2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహాసంఘం, గుండెకు గల ముప్పుపై తీవ్ర హెచ్చరిక అవసరమని 8–7 ఓట్లతో సూచించింది. 2011లో సుమారు 12 లక్షల మంది పిల్లలు, యువకుల వివరాలను పరిశీలించిన అధ్యయనంలో తీవ్రమైన హృద్రోగ ఘటనలు పెరిగిన ఆధారం దొరకలేదు. అయినా రక్తపోటు, నాడి వేగం స్వల్పంగా పెరగడం నిర్వివాదాంశం.

చికిత్స లేకపోవడానికీ మూల్యం ఉంది. మందు వాడిన కాలంలో పురుషులలో నేరాలు 32 శాతం తగ్గినట్లు 2012 నాటి స్వీడన్ అధ్యయనం గుర్తించింది.

4. ముగింపు:
ఎనిమిది దశాబ్దాల చరిత్ర ఈ మందులను పూర్తిగా సమర్థించదు, పూర్తిగా తిరస్కరించదు. తొలినాళ్ల మేలు దీర్ఘకాలిక ప్రయోజనానికి హామీ కాదు. దూరపు ముప్పు నేటి అవసరాన్ని కాదనడానికి కారణమూ కాదు. కనుక లాభనష్టాల అంచనా మందు మొదలుపెట్టేనాడు ఒక్కసారి చేసి ముగించేది కాదు. ఎదుగుదల, ఆకలి, నిద్ర, రక్తపోటు, చదువు — వీటిని గమనిస్తూ, మందు ఇంకా అవసరమా అని నిర్ణీత కాలవ్యవధులలో ప్రశ్నించుకోవడమే ఈ చరిత్ర బోధించే పద్ధతి.