వంతు, తైబందీ, బాకీ: కంప్యూటర్ కాలవిభజన చరిత్రకు కరీంనగర్ నీటి పలుకుబడి

ఉపోద్ఘాతం:

కంప్యూటర్‌లో అనేక పనులు ఏకకాలంలో సాగుతున్నట్లు కనిపించడం చాలావరకు భ్రమ. పనుల సంఖ్య ప్రాసెసర్ కోర్ల సంఖ్యను మించినప్పుడు కొన్ని పనులు వంతు కోసం నిరీక్షించక తప్పదు. ఏ పనికి ఎప్పుడు, ఎంతసేపు అవకాశమివ్వాలో నిర్ణయించే సాఫ్ట్‌వేరే షెడ్యూలర్. పరిశోధకుడు వ్యాసం టైపు చేస్తుండగా వెనుక యాంటీవైరస్ తనిఖీ మొదలై, కొట్టిన అక్షరం తెరపైకి ఆలస్యంగా వస్తే యంత్రం పాతదైపోయిందని అనుకుంటాము. వంతుల నిర్ణయం కూడా అందుకు కారణం కావచ్చు. ఈ నిర్ణయాల చరిత్రను తెలుగులో చెప్పడానికి కావలసిన మాటలు పరిభాషా పదకోశాలలో కన్నా ఉత్తర తెలంగాణ కాలువ గట్ల మీద ఎక్కువగా దొరుకుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కాలవిభజన ఆరంభం:

1950లలో కార్డుల కట్టను అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి వేచి ఉండేవారు. ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకోవచ్చునని జాన్ మెకార్తీ 1959లో ఎం.ఐ.టి.లో ప్రతిపాదించాడు. (చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందినది ఈ మెకార్తీ పర్యవేక్షణలోనే.) 1961 నవంబరులో ఫెర్నాండో కార్బటో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను ప్రదర్శించింది. అందులో పనులకు పలు వరుసలుండేవి. ఇచ్చిన కాలంలో ముగియని పని దిగువ వరుసకు జారేది. అక్కడ వంతు ఆలస్యంగా వచ్చినా, వచ్చినప్పుడు రెట్టింపు కాలం దొరికేది. చిన్న పని త్వరగా ముగుస్తుంది, పెద్ద పని ఆగి ఆగి సాగుతుంది. నేటి షెడ్యూలర్లు ఎదుర్కొనే ప్రశ్నలన్నీ బీజరూపంలో ఇక్కడే ఉన్నాయి.

నీటి మాటలు:

శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ కింద వారబందీ పద్ధతిలో నీరు వదలడం కరీంనగర్ ప్రాంత రైతులకు తెలిసినదే. కొన్ని రోజులు ఒక భాగానికి, తరువాత కొన్ని రోజులు మరొక భాగానికి నీరిస్తారు. ‘రౌండ్ రాబిన్’ అనే షెడ్యూలింగ్ పద్ధతి అచ్చంగా ఇదే. ఎగువవారు అదేపనిగా వాడుకుంటే చివరి ఆయకట్టుకు నీరందదు. షెడ్యూలింగ్ గ్రంథాలలో ‘స్టార్వేషన్’ అనే దోషానికి ‘ఆకలి’ అన్న అనువాదం కన్నా ‘చివరి మడికి అందకపోవడం’ అన్న వివరణ సుబోధకం. చెరువుల కింద తూము తెరిచి మూసే నీరటికాడు షెడ్యూలర్‌కు దగ్గరి పోలిక.

వీటన్నిటికన్నా విలువైన మాట తైబందీ. యాసంగిలో చెరువు నీరు మొత్తం ఆయకట్టుకు చాలనప్పుడు, ఎంత విస్తీర్ణానికి నీరివ్వగలరో ముందే ఖరారు చేస్తారు. నారు పోసిన తరువాత లేదనడం కన్నా ముందే కాదనడం మేలన్న వివేకం అందులో ఉంది. 2014లో లినక్స్ 3.14లో చేరిన గడువు ఆధారిత విధానం కూడా, హామీ నిలుపుకోలేని పక్షంలో కొత్త పనిని ప్రవేశంలోనే నిరాకరిస్తుంది. ఇది వారబందీ కాదు, తైబందీ. మన పాఠ్యగ్రంథాలు రెండింటినీ ‘ప్రాధాన్య నిర్ణయం’ అని కలిపివేయడం సరికాదు.

‘నైస్’ అనే మరొక చిక్కుంది. యూనిక్స్ వ్యవస్థలో ఈ సంఖ్య పెరిగేకొద్దీ పనికి వంతు తగ్గుతుంది. ఇతరుల పట్ల అది అంత మర్యాదగా నడుచుకుంటున్నదని అర్థం. లినక్స్‌లో ఇది -20 నుంచి 19 వరకు ఉంటుంది. దీనిని ‘ప్రాధాన్యసంఖ్య’ అంటే అర్థం తలకిందులవుతుంది. ‘ఒదుగు’ అంటే సరిపోతుందని నా అభిప్రాయం. సాధారణ వాడుకరి తన పనిని మరింత ఒదిగించగలడు. ముందుకు నెట్టాలంటే నిర్వాహకుని అనుమతి కావాలి.

2007 వివాదం:

ఆస్ట్రేలియాకు చెందిన మత్తు వైద్యుడు కాన్ కొలివాస్ వృత్తిరీత్యా ప్రోగ్రామర్ కాడు. పెద్ద సర్వర్లను దృష్టిలో ఉంచుకున్న లినక్స్, ఇంటి కంప్యూటర్లలో తడబడుతున్నదని వాదించి, అందరికీ సమాన వాటా ఇచ్చే షెడ్యూలర్‌ను రాశాడు. అదే ఆలోచనను మరో రీతిలో అమలుచేసిన ఇంగో మోల్నార్ రచన సి.ఎఫ్.ఎస్. 2007 అక్టోబరులో లినక్స్ 2.6.23లో చేరింది. కొలివాస్ కెర్నల్ పని నుంచి తప్పుకుని, 2009లో సొంత షెడ్యూలర్‌తో తిరిగివచ్చాడు. చరిత్రకారుడు ఇక్కడ గమనించవలసినది వ్యక్తుల స్పర్ధను కాదు. వేగం ఎవరి దృష్టితో కొలవాలన్న ప్రశ్నను ఒక వైద్యుడు, వాడుకరి పక్షాన, నిపుణుల ముందు నిలబెట్టాడు.

సమాన వాటాలోనూ లోపముంది. యాభై పనులు నడిపే వాడుకరికి యాభై వాటాలు, ఒక్క పని నడిపేవానికి ఒక్కటే. నీటిని మడుల లెక్కన పంచాలా, రైతుల లెక్కన పంచాలా అన్న తగవు వంటిదే ఇది. మరుసటి కూర్పుల్లో చేరిన సమూహ విధానం వాటాను వాడుకరుల లెక్కన కూడా పంచడానికి వీలు కల్పించింది.

2023లో లినక్స్ 6.6 సి.ఎఫ్.ఎస్. విధానాన్ని మార్చి, 1995లో అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్-వహాబ్ ప్రతిపాదించిన పద్ధతిని స్వీకరించింది. ప్రతి పనికి రావలసిన కాలం, వచ్చిన కాలం లెక్కగట్టి బాకీ తేలుస్తారు. వాటాకు మించి వాడుకున్నది ఆగాలి. మిగిలినవాటిలో ఎవరి గడువు ముందో వారిదే వంతు. తక్కువ తడులు తక్కువ వ్యవధిలో కోరే పనికి గడువు దగ్గరగా పడుతుంది కనుక, మొత్తం వాటా పెరగకుండానే దానికి వంతు త్వరగా వస్తుంది.