తాపడం, పూత, అతుకు: కారు పట్టీల చిన్న చరిత్ర

ఈసారి మూడు తెలుగు మాటలు నేర్చుకుందాం: తాపడం, పూత, అతుకు. ఈ మూడు మాటలతో కారు బయటి అలంకారం చరిత్ర అంతా చెప్పవచ్చు. మీ కారుకి ఒక పట్టీ ఊడితే ఏం చేయాలో కూడా వీటితోనే తెలుస్తుంది. నేను చదివింది ఇంగ్లీషు మీడియంలో. అందుకే వాక్యాలు చిన్నగా రాస్తాను. మీరు గట్టిగా పైకి చదవండి.

మేము ఉండే మహూజ్ మనామా నగరంలో ఒక పేట. ఇక్కడ చాలా కార్లు వీధిలోనే ఉంటాయి. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. బహ్రెయిన్ ఒక ద్వీపం, కాబట్టి గాలిలో ఎప్పుడూ ఉప్పు ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే దుమ్ము కూడా వస్తుంది. ఇంజన్ బాగానే ఉంటుంది, కానీ కారు ముఖం ముందే ముసలిదవుతుంది. క్రోమ్ మీద చుక్కలు పడతాయి. నల్ల ప్లాస్టిక్ తెల్లబడుతుంది. కిటికీ బీడింగ్ పగులుతుంది. తలుపు మీద పట్టీ ఒక చివర పైకి లేస్తుంది. "మొత్తం మార్చేయండి" అనడం అందరికీ సులభం. కానీ మార్చే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఇది తాపడమా, పూతా, అతుకా?

మొదటి మాట తాపడం. ఒక వస్తువు మీద లోహపు రేకు కప్పి బిగిస్తే అది తాపడం. గుడిలో ధ్వజస్తంభం చూశారా? లోపల కర్ర ఉంటుంది, పైన ఇత్తడి రేకు ఉంటుంది. తెలంగాణలో జనగామ దగ్గర పెంబర్తి అనే ఊరు ఈ పనికి పేరు పొందింది. కాకతీయుల కాలం నుంచి అక్కడి పనివాళ్ళు రథాలకు, గుళ్ళకు ఇత్తడి రేకు పని చేశారని చెబుతారు. రథం అంటే బండే కదా. బండికి మెరిసే లోహం తొడగడం మనకి కొత్త కాదు.

మొదటి మోటారు కార్లు కూడా అలాగే ఉండేవి. దీపాలు ఇత్తడివి, హారన్ ఇత్తడిది, రేడియేటర్ చుట్టూ ఇత్తడి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకి ముందు ఇత్తడి రేడియేటర్ ఉండేది. 1917 మోడల్ నుంచి అది పోయింది, నల్ల రంగు వచ్చింది. ఇత్తడి అందంగా ఉంటుంది కానీ దానికి రోజూ సేవ కావాలి. గాలి తగిలితే ఇత్తడికి చిలుము పడుతుంది. (ఇనుముకి పట్టేది తుప్పు, ఇత్తడికి పట్టేది చిలుము. ఈ రెండు మాటలు కలిపి గుర్తుపెట్టుకోండి.) గుడిలో దీపాలు మేము చింతపండుతో తోముతాం. చింతపండులో ఆమ్లం ఉంటుంది, అది చిలుమును కరిగిస్తుంది. ఇత్తడి లోపల కూడా ఇత్తడే, అందుకే ఎన్నిసార్లు తోమినా మళ్ళీ మెరుస్తుంది.

రెండవ మాట పూత. ఒక లోహం మీద ఇంకో లోహాన్ని పలుచగా పట్టిస్తే అది పూత. మన ఇళ్ళల్లో దీనికి పాత ఉదాహరణ కళాయి. ఇత్తడి గిన్నె లోపల తగరం పూత లేకపోతే పులుసు చెడిపోతుంది. ఒకప్పుడు కళాయి వేసేవాళ్ళు వీధిలోకి వచ్చి, కొలిమి పెట్టి, ఇంటింటి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు. గల్ఫ్ తీరంలో పడవలకు కూడా పూత ఉండేది. నీటి పైన ఉండే చెక్కకి చేప నూనె, నీటి కింద ఉండే చెక్కకి కొవ్వు, సున్నం కలిపి పూసేవాళ్ళు. ఉప్పు నీటితో బతకాలంటే పూత తప్పదని ఇక్కడివాళ్ళకి కార్లు రాకముందే తెలుసు.

కార్లలో ఇత్తడి తరువాత నికెల్ పూత వచ్చింది. అది త్వరగా మసకబారేది. 1920ల చివరి భాగంలో క్రోమ్ పూత వచ్చింది. తోమే పని పోయింది, తుడిస్తే చాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో క్రోమియం ఆయుధాలకు కావలసి వచ్చింది. అందుకని 1942లో అమెరికా కార్ల పట్టీలకు క్రోమ్ బదులు రంగు వేశారు. యుద్ధం అయ్యాక, 1950లలో, క్రోమ్ వరదలా తిరిగి వచ్చింది. మన అంబాసిడర్ కారు గుర్తుందా? 1957 నుంచి 2014 వరకు తయారైంది. చాలా కాలం దాని ముఖం అంటే మెరిసే గ్రిల్, మెరిసే బంపర్.

ఇక్కడ ఒక రహస్యం ఉంది. మెరిసే క్రోమ్ పొర చాలా పలుచన, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇనుమును నిజంగా కాపాడేది దాని కింద ఉన్న నికెల్ పొర. క్రోమ్‌లో కంటికి కనిపించని పగుళ్ళు ఉంటాయి. ఉప్పు, తేమ వాటిలోంచి లోపలికి వెళతాయి. కింద ఇనుము ఉంటే తుప్పు చుక్కలు పైకి వస్తాయి. చుక్కలు చిన్నగా ఉన్నప్పుడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీటిలో తడిపి నెమ్మదిగా రుద్దితే పోతాయి. తరువాత మైనం రాయాలి. కానీ పెచ్చులు ఊడటం మొదలైతే రుద్దవద్దు. పూతని తోమితే మెరుపు రాదు, పూతే పోతుంది. అప్పుడు పాత పూత తీసి కొత్త పూత వేయించాలి, లేదా ఆ ముక్క మార్చాలి. కొత్త కార్లలో చాలా "క్రోమ్" కింద ఉన్నది ఇనుము కాదు, ప్లాస్టిక్. ప్లాస్టిక్ మీద లోహపు పూత వేయడం 1960లలో వాడుకలోకి వచ్చింది. దానికి తుప్పు పట్టదు, కానీ పొర పొరలుగా లేస్తుంది. ఇత్తడికి వాడే చింతపండు, నిమ్మకాయ కారు పట్టీల మీద వాడకండి.

మూడవ మాట అతుకు. రెండు వస్తువులు కలిసే చోటు అతుకు. జిగురుతో కలిపితే అతికించడం అంటాం. 1970లలో కారు ముఖం మళ్ళీ మారింది. 1972లో ఫ్రాన్స్‌లో రెనో 5 కారు ప్లాస్టిక్ బంపర్లతో వచ్చింది. 1973 మోడల్ కార్ల నుంచి అమెరికాలో బంపర్లకు కొత్త భద్రతా నియమాలు వచ్చాయి. మెల్లగా క్రోమ్ తగ్గింది, రబ్బరు, నల్ల ప్లాస్టిక్ పెరిగాయి. స్క్రూలు, క్లిప్పులు ఉన్న చోట రెండు వైపులా అతుక్కునే టేపు వచ్చింది. టేపుకీ కారుకీ పాత స్నేహం ఉంది. రెండు రంగుల కార్లకు పెయింట్ వేసేవాళ్ళకి రంగుల మధ్య గీత నేరుగా వచ్చేది కాదు. వాళ్ళ కష్టం చూసి త్రీ ఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తయారు చేశాడు.

మహూజ్ ఎండకి ఎక్కువగా ఓడిపోయేది ఈ మూడవ రకమే. ఎండలోని అతినీల కిరణాలు ప్లాస్టిక్‌ను పైపైన పొడి చేస్తాయి, అందుకే నలుపు తెల్లబడుతుంది. నూనె రాస్తే కొన్ని రోజులు నల్లగా కనిపిస్తుంది, తరువాత దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది. ప్లాస్టిక్ కోసం చేసిన పూత వేస్తే ఎక్కువ కాలం ఉంటుంది. పట్టీ చివర లేస్తే పైన జిగురు పోసి నొక్కవద్దు. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వేడి చేసి, గట్టి దారంతో పట్టీని విడదీయండి. పాత టేపు పూర్తిగా తీసి, స్పిరిటుతో తుడిచి, ఆరనివ్వండి. కొత్త టేపు వేసి గట్టిగా నొక్కండి. రేకు కాలుతున్న మధ్యాహ్నం ఈ పని వద్దు, పొద్దున్నే నీడలో చేయండి. జిగురు పూర్తిగా పట్టడానికి సుమారు 3 రోజులు పడుతుంది, అంతవరకు కారు కడగవద్దు.

ఇంత చిన్న పట్టీ కోసం ఇంత శ్రమ ఎందుకు అని మీరు అడగవచ్చు. ఈ పట్టీలు చాలా వరకు అలంకారం కోసమే రాలేదు. రెండు రేకులు కలిసే చోట, అద్దం రేకును తాకే చోట, ఆ అతుకును కప్పడానికి వచ్చాయి. అందం తరువాత చేరింది. బీడింగ్ పగిలితే ఉప్పు తేమ తలుపు లోపలికి దిగుతుంది, తుప్పు మనకి కనిపించని చోట మొదలవుతుంది. ఇక్కడ మనం కారును శాశ్వతంగా ఉంచుకోం. ఉద్యోగం అయిపోయి ఇంటికి వెళ్ళే రోజు దాన్ని ఇంకొకరికి అమ్ముతాం. కొనేవాళ్ళు చాలాసార్లు మనలాంటి కొత్త కుటుంబమే. పైన మెరుపు పెట్టి లోపలి తుప్పు వాళ్ళకి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఈ వారం అభ్యాసం ఇది. మీ కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. ప్రతి పట్టీ దగ్గర ఆగి, అది పూతా, అతుకా అని తెలుగులో పైకి చెప్పండి. తాపడం మాత్రం కారు మీద దొరకదు, దానికి గుడికి రావాలి. సొట్ట, గీత, పెచ్చు, తుప్పు కనిపిస్తే ఆ మాటలు కూడా చెప్పండి. పిల్లలు పక్కన ఉంటే వాళ్ళ చేత చెప్పించండి.