సర్వరు గది నుంచి క్లౌడ్ వేదిక దాకా: బెజవాడ కంప్యూటరు సేవల చరిత్ర

పౌరసేవలను కంప్యూటరు ద్వారా అందించాలని భారతదేశంలో పురపాలక సంస్థలు చేసిన తొలి ప్రయత్నాల్లో, విజయవాడ నగరపాలక సంస్థ 1998లో తలపెట్టిన ‘విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్’ ఒకటి. పొడి అక్షరాల్లో ‘వాయిస్’గా పేరుపడిన ఈ పథకం కింద జనన మరణ ధ్రువపత్రాలు, భవన నిర్మాణ అనుమతులు, ఆస్తిపన్ను, నీటిపన్ను, డ్రైనేజీ పన్ను వసూళ్లు ఒకే వ్యవస్థలోకి వచ్చాయి, జనావాసాలకు దగ్గరగా నెలకొల్పిన కియోస్కులు, అనగా సేవా కౌంటర్లు, నెట్‌వర్కు ద్వారా కార్యాలయంలోని సర్వరుతో ముడిపడ్డాయి. సర్వరు అంటే అందరి వివరాలనూ తనలో భద్రపరచి, అడిగిన యంత్రానికి అడిగిన సమాచారం అందించే ప్రధాన కంప్యూటరు. ఇంటిప్లాను ఫైలు ఏ గుమస్తా బల్ల మీద ఆగిందో తెలియక కార్యాలయం చుట్టూ తిరిగే అలవాటున్న నగరంలో ఈ మార్పు చిన్నది కాదు.

అయితే ఆ కాలపు పద్ధతిలో ప్రోగ్రాము రాయడం ఒక వంతు, యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటం మరొక వంతు. కరెంటు పోతే బ్యాటరీలు అందుకోవాలి, ఎండాకాలంలో ఏసీ ఆగకూడదు, ప్రతి సాయంత్రం ఆనాటి వివరాలకు నకలు తీసి వేరేచోట దాచాలి, వాడకం పెరిగితే కొత్త యంత్రానికి టెండరు పిలవాలి. కానూరులో 1977లో వెలసిన వి.ఆర్.సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల, వడ్డేశ్వరంలో 1980లో వెలసిన కె.ఎల్. కళాశాల వంటివి ఏటా పట్టభద్రులను తయారుచేస్తున్నా, సొంతంగా ఒక వెబ్‌సైటు నడపదలచిన యువకునికి ఈ యంత్రపోషణే పెద్ద అడ్డుగోడ అయింది. ఎక్కువమంది హైదరాబాదు, బెంగళూరు, అమెరికా దారి పట్టడానికి ఉద్యోగాలు అక్కడ ఉండటమే ప్రధాన కారణమైనా, ఇదీ ఒక కారణమే.

2006లో అమెజాన్ సంస్థ తన నిల్వనూ గణనశక్తినీ గంటల లెక్కన, వాడకం లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టడంతో ఈ గోడకు బీట పడింది. 2008 ఏప్రిల్‌లో గూగుల్ విడుదల చేసిన ‘యాప్ ఇంజిన్’ మరొక అడుగు ముందుకు వేసి, అద్దె యంత్రం సంగతి కూడా డెవలపరుకు పట్టనవసరం లేకుండా చేసింది. దీన్నే క్లౌడ్ అప్లికేషన్ వేదిక అంటారు: ప్రోగ్రామును అప్పగిస్తే దానిని నడపడం, రద్దీ పెరిగినప్పుడు అదనపు యంత్రాలను జోడించడం వేదిక పని. మొదట 10,000 మంది డెవలపర్లకే ప్రవేశం ఇచ్చారు. పైథాన్ భాష ఒక్కటే పనిచేసేది. 500 మెగాబైట్ల నిల్వ, నెలకు సుమారు 50 లక్షల పేజీ వీక్షణలు అప్పట్లో ఉచితం. భాష పేరు, కూర్పు సంఖ్య వంటి నాలుగైదు పంక్తులున్న ‘యాప్.యామల్’ అనే చిన్న ఫైలును ప్రోగ్రాముకు జతచేసి, ఒకే ఒక ఆదేశంతో పంపితే కొద్ది నిమిషాల్లో అది ప్రపంచమంతటికీ అందుబాటులోకి వచ్చేది. కొత్త వేదిక చేతికందినప్పుడు వెబ్ డెవలపర్లలో కనిపించే ఉత్సాహాన్ని కుర్రతనపు మోజుగా కొట్టిపారేయడం తగదు. రాత్రివేళ సర్వరుకు కాపలా కాసినవారికి అది విముక్తి.

సొంత పోషణ మాని, రుసుము కట్టి సేవ పొందే ఇటువంటి మార్పును కృష్ణా డెల్టా ఇదివరకే ఒకసారి చూసింది. కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక, వాననూ ఊరిచెరువునూ నమ్ముకున్న రైతు నీటితీరువా చెల్లించి కాలువనీరు పొందసాగాడు. చెరువు పూడిక తీసే బాధ తగ్గింది గానీ, తూములు తెరిచే లస్కరు మీద, వంతులు నిర్ణయించే అధికారి మీద ఆధారపడటం పెరిగింది. నీరు తగ్గిన ఏడు మొదట ఎండేది శివారు పొలమే. క్లౌడ్ వేదికల చరిత్రలోనూ శివారు ఆయకట్టుదారులున్నారు. 2007లో మొదలై, ఉచిత సేవతో విద్యార్థులకు అభిమానపాత్రమైన హెరోకు వేదిక 2022 నవంబరు 28 నుంచి ఆ ఉచిత సదుపాయాన్ని నిలిపివేసినప్పుడు, డబ్బు కట్టలేని చిన్న చిన్న అప్లికేషన్లు వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది.

ప్రభుత్వ సేవలు కూడా ఇదే క్రమంలో సాగాయి. ఒక్కొక్క పురపాలక సంస్థ ఒక్కొక్క వ్యవస్థను పెంచుకునే పద్ధతి పోయి, 2015 తర్వాత ఆంధ్రప్రదేశ్ పట్టణ సంస్థలు బెంగళూరులోని ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ రూపొందించిన ఉమ్మడి సాఫ్ట్‌వేర్ వైపు మళ్లాయి. మంగళగిరిలో పై డేటా సెంటర్స్ సంస్థ తన కేంద్రాన్ని నెలకొల్పి క్లౌడ్ సేవలు అందిస్తోంది. అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడ్ ‘రీజియన్’ను, అనగా డేటా కేంద్రాల సముదాయాన్ని, 2022 నవంబరులో ప్రారంభించింది. 2025 జనవరి 30న మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం ‘మన మిత్ర’ తొలి విడతలోనే 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించడంతో, ఒకనాడు వాయిస్ కియోస్కు చేసిన పనిలో కొంత పౌరుని ఫోనులోకే వచ్చింది, అదీ ఒక విదేశీ సంస్థ వేదిక మీద.

ఆనకట్ట చరిత్రకు ఇంజనీర్ల నివేదికలున్నాయి, 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉంది. వాయిస్‌ గురించి మాత్రం ఈ-పాలన అధ్యయనాల్లో వచ్చిన క్లుప్తమైన ప్రస్తావనలే ఎక్కువగా కనిపిస్తాయి. నాటి ప్రోగ్రాముల ప్రతులను, కియోస్కు రసీదులను, వాటితో పనిచేసిన ఉద్యోగుల అనుభవాలను ఇప్పటికైనా సేకరించి భద్రపరిచే పనిని నగరపాలక సంస్థ, ఇక్కడి విశ్వవిద్యాలయాలు చేపట్టాలి.