సూపర్‌మాన్‌ని ముహమ్మద్ అలీ ఎలా ఓడించాడు?

పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ బహస్ ఒకసారైనా జరిగే ఉంటుంది. హల్క్‌కీ థోర్‌కీ లడాయి అయితే ఎవరు గెలుస్తారు? ఏ తాకత్తూ లేని బ్యాట్‌మాన్ సూపర్‌మాన్ ముందు ఎలా నిలబడతాడు? అన్న ఒక పక్క, తమ్ముడు ఒక పక్క. దస్తర్‌ఖాన్ మీద సాలన్ చల్లారిపోతున్నా ఫైస్లా మాత్రం తేలదు. మార్వెల్ కామిక్స్‌కి పేరు తెచ్చిన స్టాన్ లీని కూడా జనం ఏళ్ల తరబడి ఇదే అడిగారు. రాసేవాడు ఎవరిని గెలిపించాలనుకుంటే వాళ్లే గెలుస్తారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టుగా ఉండేది ఆయన జవాబు.

మాట నిజమే, కానీ సగం నిజం. రాసేవాడి కలానికి పూర్తి ఆజాదీ ఏమీ లేదు. చదివేవాడు ఖాయిల్ కావాలి. ఓడినవాడి ఇజ్జత్ దక్కాలి, ఎందుకంటే వచ్చే నెల సంచికలో మళ్లీ వాడే హీరో కావచ్చు. అందుకే ఎవరి బలం ఎంత, ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అనే లెక్కకి కామిక్స్‌లో పెద్ద తారీఖే ఉంది. అందులో మనవాళ్లకి తప్పకుండా చెప్పాల్సిన కిస్సా ఒకటుంది. 1978లో సూపర్‌మాన్, ముహమ్మద్ అలీ ఒకే రింగ్‌లోకి దిగారు. అలీ గెలిచాడు. అదెలా కుదిరిందో అర్థం కావాలంటే ముందు సూపర్‌మాన్ పుట్టిన చోటికి వెళ్లాలి.

1938లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన ఇద్దరు యూదు కుర్రాళ్లు సూపర్‌మాన్‌ని 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో లోకానికి చూపించారు. జెర్రీ సీగల్ రాశాడు, జో షుస్టర్ బొమ్మలు వేశాడు. ఇద్దరూ కలిసి హక్కులన్నీ 130 డాలర్లకి రాసిచ్చేశారు. ఆ బేఇన్సాఫీ గురించి చెప్పుకోవాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఆనాటి సూపర్‌మాన్ ఇప్పటి సూపర్‌మాన్ కాదు. ఎగరలేడు, దూకుతాడు. ఒక్క దూకుకి మైలులో ఎనిమిదో వంతు. ఇరవై అంతస్తుల భవంతిని దాటగలడు, ఎక్స్‌ప్రెస్ రైలుని మించి పరిగెత్తగలడు. చర్మం గట్టిదే, కానీ ఫిరంగి గుండు పేలితే చీరుకుపోతుంది. చీమ తనకన్నా ఎన్నో రెట్లు వజన్ మోయడం లేదా, మిడత అంతంత దూరం గెంతడం లేదా అని సీగల్ దలీల్ కూడా ఇచ్చాడు.

ఇక ఆయన దుష్మన్‌లు ఎవరంటే, పెళ్లాన్ని కొట్టే మొగుడు, సెనేటర్‌ని కొనేసే దళారీ, వీధి గూండాలు. వీళ్ల మీద అంత తాకత్ అవసరమా? అవసరం లేదు. కానీ అది ఆర్థిక మాంద్యంతో అమెరికా కుదేలైన జమానా. చదివేవాళ్లకి అప్పుడు కావలసింది సరిజోడు కుస్తీ కాదు, ఇన్సాఫ్. మజ్లూమ్ తరఫున ఒక్కడైనా వచ్చి జాలిమ్ కాలర్ పట్టుకుంటే చాలనుకున్నారు.

తర్వాత బలం పెరగడం మొదలైంది. 1940లో రేడియోలో ఎగిరాడు. 1941లో కార్టూన్ సినిమాలు తీసినవాళ్లకి గెంతుతూ పోయే హీరో తెర మీద బాగా కనిపించలేదు, వాళ్లూ ఎగిరించారు. 1950ల చివరికొచ్చేసరికి గ్రహాలనే జరిపేస్తున్నాడు, కాలంలో వెనక్కీ ముందుకీ పోతున్నాడు. 1960ల మొదట్లో ఒక కథలో ఆయన తుమ్మితే ఒక సౌరమండలం మొత్తం ధ్వంసమైపోయింది. అల్లా దయవల్ల అక్కడ ఎవరూ కాపురం ఉండరని ఆ కథలోనే చెప్పారు లెండి.

ఇలాంటివాడి ముందు ఏ విలన్ నిలుస్తాడు? రాసేవాళ్లకి పట్టుకున్న ముసీబత్ ఇదే. బలానికి బలం పెంచుకుంటూ పోతే అంతు లేదు. అందుకని పక్కదారులు వెతికారు. 1940లో వచ్చిన లెక్స్ లూథర్‌కి కండ బలం లేదు, ఉన్నదంతా దిమాగే. 1944లో వచ్చిన మిక్సెస్‌పిట్లిక్ (పేరు పలకడమే ఒక పరీక్ష) వేరే లోకం నుంచి వచ్చిన అల్లరి జీవి. వాడి మీద ముక్కా పనిచేయదు. వాడి పేరు వాడి చేతే వెనక నుంచి ముందుకి పలికిస్తే మాయమైపోతాడు. 1943లో రేడియో నాటకంలో క్రిప్టోనైట్ పుట్టింది, 1949లో అది కామిక్స్‌లోకి వచ్చింది. సూపర్‌మాన్ పుట్టిన గ్రహపు రాయే ఆయనకి జహర్. 1960 ప్రాంతంలో ఇంకో షర్త్ పెట్టారు. ఆయన తాకత్తంతా మన పసుపుపచ్చ సూర్యుడి నుంచే వస్తుంది, ఎర్ర సూర్యుడి కింద ఆయనా మనలాంటి మామూలు ఆద్మీయే.

మన దాస్తాన్‌లు విన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అమీర్ హమ్జా ఎంతటి పహిల్వాన్ అయినా ముందు తను చెయ్యెత్తడు, మొదటి వార్ దుష్మన్‌కే వదిలేస్తాడు. 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'లో జాదూగర్ల షెహన్‌షా అఫ్రాసియాబ్ ఎంత బలవంతుడైనా, తిలిస్మ్‌ని పగలగొట్టే దారి లౌహ్ మీద రాసే ఉంటుంది. అమర్ అయ్యార్ దగ్గరైతే కత్తి కన్నా జంబీల్‌కీ చాలాకీకీ పని ఎక్కువ. బలవంతుడి కథలో ఏదో ఒక షర్త్ లేకపోతే వినేవాడు లేచి వెళ్లిపోతాడని దాస్తాన్‌గోలకి ఎప్పుడో తెలుసు.

కాగితం మీద బలం చూపించడం కూడా ఒక హునర్. 1992లో సూపర్‌మాన్‌ని చంపిన డూమ్స్‌డే కథనే చూడండి. వాడు వచ్చిన కొత్తలో ఒక చెయ్యి వెనక్కి కట్టేసి ఉండగానే జస్టిస్ లీగ్ మొత్తాన్ని చితకబాదాడు. ఆ ఒక్క వివరంతో వాడి తాకత్ ఎంతో మాటలు లేకుండానే తెలిసిపోయింది. ఆ తర్వాత వరసగా వచ్చిన సంచికల్లో పేజీకి నాలుగు బొమ్మలు, తర్వాత మూడు, తర్వాత రెండు, చివరి సంచికలో పేజీకి ఒకే ఒక్క బొమ్మ. లడాయి ముదిరే కొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. పాఠకుడికి ఆ లెక్క తెలియకపోయినా దెబ్బ బరువు మాత్రం తెలుస్తుంది.

కానీ బలం లెక్క ఎక్కడ అసలు చిక్కులో పడిందంటే, నిజమైన జంగ్ వచ్చినప్పుడు. 1940 ఫిబ్రవరిలో 'లుక్' పత్రిక సీగల్, షుస్టర్‌లని అడిగింది, సూపర్‌మాన్ యుద్ధాన్ని ఎలా ముగిస్తాడని. వాళ్లు చూపించారు. హిట్లర్‌ని ఒక చేత్తో, స్టాలిన్‌ని ఇంకో చేత్తో పట్టుకెళ్లి జెనీవాలో నానాజాతి సమితి అదాలత్ ముందు నిలబెట్టేశాడు. దానికి పట్టింది రెండు పేజీలు. నాజీ పత్రిక ఒకటి దీనికి మండిపడి సీగల్‌ని యూదుడని తిడుతూ రాసింది. అమెరికా కూడా యుద్ధంలోకి దిగాక ఇదే పెద్ద సవాల్ అయింది. రెండు పేజీల్లో తేల్చేసే వాడు ఉండగా వేలమంది జవాన్లు ఎందుకు చనిపోతున్నట్టు? కొడుకుని ఫౌజ్‌కి పంపిన తల్లి ఆ బొమ్మలు చూసి ఏమనుకోవాలి? 1942లో దినపత్రికల్లో వచ్చే సూపర్‌మాన్ కథలో దీనికో ఉపాయం చేశారు. క్లార్క్ కెంట్ ఫౌజ్‌లో చేరడానికి వెళ్తాడు. కంటి పరీక్షలో ఎదురుగా ఉన్న చార్ట్ చదవబోయి, తెలియకుండానే గోడలోంచి చూసి పక్క గదిలోని చార్ట్ చదివేస్తాడు. ఫెయిల్. చూపు ఎక్కువైనందుకు చూపు లేనివాడని ఇంటికి పంపేశారు! నవ్వొచ్చే తర్కీబే గాని, చనిపోతున్న అసలు మనుషుల ఇజ్జత్‌ని అది కాపాడింది.

ఇరవై రెండేళ్ల తర్వాత ఇంకో యువకుడు ఇలాగే ఫౌజ్ పరీక్షలో ఫెయిలయ్యాడు. 1964లో సోనీ లిస్టన్‌ని ఓడించి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయిన కాషియస్ క్లే, ఆ గెలుపు తర్వాత తాను ముస్లింనని చాటాడు, ముహమ్మద్ అలీ అయ్యాడు. అప్పట్లో ఆయన ఉన్నది 'నేషన్ ఆఫ్ ఇస్లామ్'లో, సున్నీ మార్గానికి వచ్చింది 1975 తర్వాత. ఆ 1964లోనే ఫౌజ్ రాత పరీక్షలో తప్పాడు. 1966లో, వియత్నాం జంగ్‌కి మనుషులు చాలక, పరీక్ష మార్కులు తగ్గించారు. ఇప్పుడు నువ్వు పనికొస్తావన్నారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిస్తే అలీ అడుగు ముందుకు వేయలేదు. నా దీన్ ఒప్పుకోదన్నాడు. టైటిల్ లాక్కున్నారు. అయిదేళ్ల ఖైదు, పదివేల డాలర్ల జుర్మానా వేశారు. అప్పీల్ వల్ల జైలుకి పోలేదు గాని, మూడున్నరేళ్లు ఎక్కడా రింగ్ ఎక్కనివ్వలేదు. పాతికేళ్ల వయసు నుంచి ఇరవై ఎనిమిది దాకా, బాక్సర్‌కి అసలైన జవానీ అదే. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో ఆయన మీది శిక్షని కొట్టేసింది. పోయిన ఏళ్లు మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

ఈ మనిషిని సూపర్‌మాన్ పక్కన నిలబెట్టాలని డీసీ కామిక్స్ ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్‌కి అనిపించింది. డెన్నీ ఓ'నీల్ కథ రాశాడు, నీల్ ఆడమ్స్ దాన్ని మలిచి బొమ్మలు వేశాడు. మొదట జో క్యూబర్ట్ వేసిన బొమ్మలు అలీ వాళ్లకి నచ్చలేదట. పెద్ద సైజు పుస్తకం, 72 పేజీలు. అట్ట మీద రింగ్ చుట్టూ 172 మంది ప్రేక్షకుల ముఖాలు, అందులో ప్రెసిడెంట్ కార్టర్ ఉన్నాడు, బ్యాట్‌మాన్ ఉన్నాడు, లెక్స్ లూథర్ కూడా బుద్ధిగా కూర్చుని చూస్తుంటాడు.

ఇప్పుడు రాసేవాళ్ల ఇబ్బంది ఆలోచించండి. సూపర్‌మాన్ ఒక్క వేలితో కొడితే అలీ చంద్రుడి మీద పడాలి. అలీ ఓడితే లోకం ఊరుకోదు, సూపర్‌మాన్ ఓడితే కంపెనీ ఊరుకోదు. కథ ఇలా నడిపారు. రాట్‌లార్ అనే పరలోక జాలిమ్ పెద్ద లష్కర్‌తో వచ్చి, భూమి తరఫున మీ గొప్ప యోధుణ్ని మా హన్‌యా మీదికి పంపండి, లేకపోతే మీ దునియా ఉండదంటాడు. నేను వెళ్తానంటాడు సూపర్‌మాన్. నువ్వసలు భూమి మీద పుట్టినవాడివే కాదు, మా తరఫున నువ్వెలా వెళ్తావు అని అలీ అడ్డుపడతాడు. ఎంత పక్కా దలీలో చూడండి! అన్ని తాకత్‌లూ ఉన్నవాడి దగ్గర లేనిది ఒకటుంది, ఇన్సాన్ కావడం. సరే, మీలో ఎవరో తేల్చుకోండని రాట్‌లార్ షర్త్ పెడతాడు. ముకాబలా ఎర్ర సూర్యుడి కింద జరుగుతుంది. అక్కడ సూపర్‌మాన్ తాకత్ జీరో.

అంతకుముందే ఇంకో మంచి పని చేశారు. అలీ చేత సూపర్‌మాన్‌కి బాక్సింగ్ నేర్పించారు. అలీ ఉస్తాద్, సూపర్‌మాన్ షాగిర్ద్. ఉస్తాద్ చేతిలో ఓడితే షాగిర్ద్‌కి బేఇజ్జతీ ఏముంది? రింగ్‌లో మొదట కాసేపు సూపర్‌మాన్ బాగానే నిలబడతాడు. తర్వాత అలీ ముక్కాల వాన. ముఖం వాచిపోతుంది, కాళ్లు తేలిపోతాయి, అయినా కింద పడడు. కొట్టేవాడికే బాధేసి, అలీ ఆగిపోయి ఆపేయమని రిఫరీని బతిమాలతాడు. పోటీ ఆగాకే సూపర్‌మాన్ కూలిపోతాడు. స్ట్రెచర్ మీద మోసుకుపోతారు. టెక్నికల్ నాకౌట్. నాకు తెలిసి ఇద్దరి ఇజ్జతూ ఇంత బారీకుగా తూచిన లడాయి కామిక్స్‌లో ఇంకోటి లేదు. ఓడినవాడు పడలేదు, గెలిచినవాడు గురూర్ చూపలేదు.

తర్వాత అలీ ఆ భారీకాయుడు హన్‌యా మీదికి దిగుతాడు. ఏ రౌండ్‌లో పడగొడతావని అడిగితే నాలుగో రౌండ్ అంటాడు. 1962లో ఆర్చీ మూర్ విషయంలో నిజంగానే అలా చెప్పి అలాగే పడగొట్టాడు, అది గుర్తున్నవాళ్లకి ఇక్కడ మజా. బాగా దెబ్బలు తిని, చివరికి అన్నమాట ప్రకారం నాలుగో రౌండ్‌లో హన్‌యాని రింగ్ బయటికి పంపిస్తాడు. ఈలోపు కోలుకున్న సూపర్‌మాన్, అలీ మూలన నిలబడే బండీనీ బ్రౌన్ వేషం వేసుకుని, శత్రువుల నౌకాదళాన్ని చెడగొట్టి వస్తాడు. వాదా తప్పి దాడి చేయబోయిన రాట్‌లార్‌ని గద్దె దించింది ఎవరనుకున్నారు? ఓడిపోయిన హన్‌యానే. కండబలం చూసి మనం విలన్ అనుకున్నవాడికి జుబాన్ విలువ తెలుసు. చివర్లో అలీ సూపర్‌మాన్‌తో, నువ్వు క్లార్క్ కెంట్ అని కనిపెట్టేశాను, రాజ్ దాచుతానని చెప్తాడు. తనొక్కడే గొప్పవాడినని జిందగీ అంతా చెప్పుకున్న అలీ నోట ఆఖరి పేజీలో 'నేను' పోయి 'మనం' వస్తుంది.

1977 శరత్కాలంలో రావలసిన ఆ పుస్తకం ఆలస్యమై 1978 మొదట్లో వచ్చింది. ఫిబ్రవరి 15న, అప్పటికి ఏడే ఏడు ప్రొఫెషనల్ పోటీలు ఆడిన లియాన్ స్పింక్స్ చేతిలో అలీ ఓడిపోయాడు. పుస్తకంలో చాంపియన్, బయట మాజీ. సెప్టెంబర్ 15న న్యూ ఆర్లీన్స్‌లో పదిహేను రౌండ్లు ఆడి టైటిల్ మూడోసారి తిరిగి తెచ్చుకున్నాడు.

1980 అక్టోబర్ 2న, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ మీదికి దిగాడు. హోమ్స్ ఒకప్పుడు అలీ దగ్గర ప్రాక్టీసు కోసం దెబ్బలు తిన్న కుర్రాడే. ఆ రాత్రి రౌండ్ రౌండ్‌కీ అలీ చేతులు బరువెక్కాయి, తిరిగి కొట్టలేకపోయాడు. హోమ్స్ మధ్యలో రిఫరీ వైపు చూస్తూ, ఆపేయరాదా అన్నట్టు సైగ చేశాడు. పదో రౌండ్ తర్వాత అలీ ట్రైనర్ యాంజెలో డండీ పోటీ ఆపించాడు. అప్పటికీ అలీ ఒక్కసారి కూడా కింద పడలేదు.